కత్తెరకు కాపలా ఎవరు?

మా అమ్మమ్మ యూరిన్ కల్చర్ రిపోర్టు నాకు వాట్సాప్‌లో వచ్చింది. అప్పుడు నేను రాజమండ్రి నుంచి నరసాపురం వెళ్లే బస్సులో ఉన్నాను. కిటికీ పక్క సీటు, చేతిలో ఫోన్, మనసంతా ఆసుపత్రి మంచం మీద. పీడీఎఫ్ ఓపెన్ చేశాను. పైన బ్యాక్టీరియా పేరు: ఈ-కోలి. దాని కింద మందుల పట్టిక. ఒక్కో మందు పక్కన ఒక్కో అక్షరం. 'ఎస్' అని ఉంటే ఆ మందుకి బ్యాక్టీరియా లొంగుతుంది. 'ఆర్' అని ఉంటే లొంగదు.

వేలితో కిందికి జరుపుతూ పోయాను. ఆర్. ఆర్. ఆర్. ఇంకో ఆర్. మనం మెడికల్ షాపులో నోరు తిరిగిన పేరల్లా అడిగి తెచ్చుకునే మాత్రలన్నిటి పక్కనా అదే అక్షరం. చివర్లో ఎక్కడో మూడు నాలుగు ఎస్‌లు. అవి మాత్రలు కావు, రక్తనాళంలోకి ఎక్కించే ఇంజెక్షన్లు.

నేను డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. ఇప్పుడు చేసే ఉద్యోగానికీ దానికీ సంబంధం లేదు. అయినా ఆ పట్టిక అర్థం కావడానికి డిగ్రీ అక్కర్లేదు. మా అమ్మమ్మ ఒంట్లో ఉన్న బ్యాక్టీరియాకి మన మందులు చాలావరకు అలవాటైపోయాయి. అంతే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచి లాభం లేదు. అంతకు కొన్ని నెలల ముందు అమ్మమ్మకి ఇలాగే మంట, జ్వరం వచ్చినప్పుడు ఫోన్‌లో వైద్యం చేసింది నేనే. "పోయినసారి వేసుకున్న మాత్రలే తెప్పించుకో అమ్మమ్మా" అన్నాను. రెండ్రోజులకి తగ్గింది. "తగ్గిపోయిందే, మానేశాను" అంది. "సరేలే" అన్నాను. ఆ 'సరేలే' బస్సులో గుర్తొచ్చింది.

బిస్కెట్ డబ్బాలో సగం స్ట్రిప్పులు

ఆసుపత్రిలో డాక్టర్‌గారు ఒకటే అడిగారు. "ఇంతకు ముందు ఏమేం మందులు వాడారో తెలుసా? స్ట్రిప్పులుంటే తెండి." అమ్మమ్మ ఊరు సఖినేటిపల్లి అవతల, అంతర్వేది వైపు. నరసాపురం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి, ఆటోలో వెళ్లాలి. వెళ్లాను.

వంటింటి అరలో ఓ రేకు బిస్కెట్ డబ్బా ఉంది. అదే అమ్మమ్మ మెడికల్ షాపు. మూత తీస్తే ఆరేడు స్ట్రిప్పులు. ఒక్కటీ పూర్తిగా ఖాళీ అవ్వలేదు. ఒకదాంట్లో నాలుగు మాత్రలు మిగిలాయి, ఒకదాంట్లో ఆరు. కొన్నిటి వెనక నిలువునా ఎర్ర గీత ఉంది. ఆ గీత గురించి చివర్లో మాట్లాడుకుందాం.

డబ్బా సంచిలో వేసుకుని బయటికొచ్చేసరికి పక్కింటి బాబాయ్ అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. నీలం నైలాన్ వల, ఒళ్లో గుట్టలా ఉంది. పక్కన కత్తెర, చేతిలో వల అల్లే సూది.

"ఎలాగుందమ్మా అమ్మమ్మకి?"

"పర్లేదు బాబాయ్. ఇంజెక్షన్లు మొదలెట్టారు." ఆటో రావడానికి టైముంది. అక్కడే కూర్చున్నాను. చిరిగిందేమీ కనపడలేదు గానీ బాబాయ్ మంచి ముళ్లనే కోస్తున్నాడు. "బాగున్నవి కోసేస్తున్నావేంటి?" అన్నాను.

"వెడల్పు పెంచుతున్నానమ్మా. ఊరికే అంచుకి అతుకేస్తే బలం ఉండదు. మధ్యలో ముళ్లు కోసి, ఆ ఖాళీలో కొత్త కళ్లు అల్లాలి. కోసినంతే అల్లాలి, అల్లినంతే కొయ్యాలి. ఒకేసారి పాతిక ముళ్లు కోసేశామనుకో, వల చేతికొచ్చేస్తాది."

ఆ మాట విన్నాక నా బుర్రలో ఎప్పుడో పడి నిద్రపోతున్న ఓ పాఠం లేచి కూర్చుంది. ఎందుకంటే ఈ-కోలి కూడా రోజంతా చేసే పని సరిగ్గా ఇదే. కాకపోతే దాని వల దాని ఒంటి చుట్టూ ఉంటుంది. ముడి తప్పు లెక్కలో కోస్తే పోయేది చేపలు కాదు, ప్రాణం.

బ్యాక్టీరియా తొడుక్కున్న వల

ఈ-కోలి పొడవు సుమారు 2 మైక్రాన్లు. మిల్లీమీటరుని 500 ముక్కలు చేస్తే ఒక ముక్కంత. తిండి, వేడి సరిగ్గా దొరికితే 20 నిమిషాలకోసారి ఒకటి రెండవుతుంది. దాని లోపల ప్రొటీన్లు, లవణాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి బయటి నీళ్లు లోపలికి తోసుకొస్తుంటాయి. ఆ ఒత్తిడికి పల్చటి పొర ఒక్కటే అయితే బుడగలా టప్పున పేలిపోవాలి. పేలకుండా కాపాడేది కణకవచం.

ఈ కవచం గోడలాంటిదని పుస్తకాల్లో చదువుకున్నాం. నిజానికి గోడ కన్నా వల అంటేనే కరెక్ట్. చక్కెర అణువులు గొలుసుల్లా పొడుగ్గా వెళ్తుంటాయి. ఒక గొలుసుకీ పక్క గొలుసుకీ మధ్య చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలు అడ్డంగా ముడిపడి ఉంటాయి. ఈ మొత్తానికి పెప్టిడోగ్లైకాన్ అని పేరు. కణం చుట్టూ ఎక్కడా తెగకుండా ఒకే సంచిలా అల్లుకుని ఉంటుంది.

మన ఒంట్లో ఏ కణానికీ ఈ వల లేదు. అందుకే పెన్సిలిన్ లాంటి మందులు బ్యాక్టీరియాని చంపుతూ మన కణాల జోలికి రావు. మన కన్నీళ్లలో కూడా ఈ వలని కొరికే ఎంజైమ్ ఒకటుంది, లైసోజైమ్. దాన్ని 1922లో లోకానికి చెప్పిన అలెగ్జాండర్ ఫ్లెమింగే 1928లో పెన్సిలిన్‌ని కనిపెట్టాడు. అంటే ఆ మనిషి రెండుసార్లూ తట్టిన తలుపు ఒకటే.

ఇక్కడ ఓ చిక్కుంది. 20 నిమిషాల్లో రెట్టింపు కావాలంటే ఈ వల కూడా రెట్టింపు పొడవు పెరగాలి. పెరగాలంటే కొత్త గొలుసులు చొప్పించాలి. చొప్పించాలంటే ఉన్న ముళ్లు కొయ్యాలి. లోపల అంత ఒత్తిడి ఉండగా, ఎక్కడా ఆగకుండా కొయ్యాలి. బాబాయ్ కనీసం వలని ఒడ్డున పెట్టుకుని కోస్తున్నాడు. ఈ-కోలికి ఆ వెసులుబాటు లేదు. నిండా చేపలున్న వలని నీళ్లలోనే ఉంచి, కోస్తూ అల్లుతూ పెద్దది చెయ్యాలి.

మరి కోసేదెవరు? ఎక్కువ కొయ్యకుండా ఆపేదెవరు? ఈ రెండు ప్రశ్నలకీ ముఖ్యమైన జవాబులు మన హైదరాబాద్‌లోనే దొరికాయి.

హబ్సిగూడలో దొరికిన మూడు కత్తెరలు

ఉప్పల్ రోడ్డులో వెళ్లేటప్పుడు హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ బోర్డు మీలో చాలామంది చూసే ఉంటారు. సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ. కరోనా టైములో పేరు బాగా వినపడింది. అక్కడ మంజులా రెడ్డి అనే శాస్త్రవేత్త ల్యాబ్ ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంది: బ్యాక్టీరియా తన కవచాన్ని ఎలా పెంచుకుంటుంది?

వల ముళ్లు కోసే ఎంజైములు బ్యాక్టీరియాలో ఉన్నాయని అంతకుముందే తెలుసు. కానీ అవి పెరుగుదలకి తప్పనిసరా, లేక చెత్త ఊడ్చే పనివాళ్లా అన్నది తేలలేదు. ఎందుకంటే ఒక కత్తెరని తీసేస్తే ఇంకోటి ఆ పని చేసేస్తుంది. బ్యాక్టీరియా మామూలుగానే పెరిగేస్తుంది. ప్రయోగం చేసినవాళ్లకేమో 'ఇదేం అవసరం లేనిదిలా ఉందే' అనిపిస్తుంది.

2012లో మంజులా రెడ్డి బృందం 'మాలిక్యులర్ మైక్రోబయాలజీ' పత్రికలో చూపించింది ఇదీ. ఈ-కోలిలో మూడు కత్తెరలున్నాయి. వాటికి మెప్‌ఎస్, మెప్‌ఎం, మెప్‌హెచ్ అని పేర్లు పెట్టారు. ఒకటి లేకపోతే మిగతావి నెట్టుకొస్తాయి. మూడూ లేకపోతే కొత్త సరుకు వలలోకి ఎక్కదు, బ్యాక్టీరియా పగిలి చచ్చిపోతుంది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. కోసేవాళ్లు లేకపోతే వల ఇంకా గట్టిగా ఉండాలి కదా? లోకంలో మనకి తెలిసిన లెక్క అదే. బ్యాక్టీరియా లెక్క వేరు. కొయ్యడం ఆగితే పెరగడం ఆగుతుంది, పెరగడం ఆగితే బతకడమే ఆగుతుంది. కొయ్యడం కూడా కట్టడంలో భాగమే.

ఇక కాపలా సంగతి

మూడు కత్తెరల్లో మెప్‌ఎస్‌ది ముఖ్యమైన చెయ్యి. మరి అది అవసరానికి మించి పోగుపడితే? కోసినంత అల్లే వీలుండదు, వల వదులైపోతుంది. అందుకని బ్యాక్టీరియా ఒక ఏర్పాటు చేసుకుంది. 2015లో అదే సీసీఎంబీ ల్యాబ్ అమెరికా 'ప్రొసీడింగ్స్ ఆఫ్ ది నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్'లో ఆ ఏర్పాటుని బయటపెట్టింది.

ఇందులో ఇద్దరు పనివాళ్లు. ఒకరి పేరు ఎన్ఎల్‌పీఐ. ఇంకొకరి పేరు పీఆర్‌సీ. పేర్లు ట్రైన్ టికెట్ మీద స్టేషన్ కోడ్‌లా ఉన్నాయని తెలుసు, భరించండి. పీఆర్‌సీ ఒక ప్రొటియేజ్, అంటే ఇతర ప్రొటీన్లని ముక్కలు చేసే మర. ఎన్ఎల్‌పీఐ ఏమో బ్యాక్టీరియా బయటి పొరకి లోపలివైపు కొవ్వు తోకతో అతుక్కుని వేలాడే ప్రొటీన్. అది సొంతంగా ఏదీ కొయ్యదు, ఏదీ కట్టదు. ఒక చేత్తో మెప్‌ఎస్‌ని పట్టుకుంటుంది, ఇంకో చేత్తో పీఆర్‌సీని పట్టుకుంటుంది. కత్తెరని తీసుకెళ్లి మరలో పడేస్తుంది. అంతే దాని పని.

ఈ పని ఎంత స్పీడో తెలుసుకోడానికి ఓ తేలికైన ఉపాయముంది. బ్యాక్టీరియాకి కొత్త ప్రొటీన్లు తయారు కాకుండా ఆపే మందు ఒకటి ఇస్తారు. అక్కణ్నించి ఉన్న సరుకు ఎంతసేపట్లో ఖర్చవుతుందో నిమిషం నిమిషం చూస్తారు. మామూలు ఈ-కోలిలో మెప్‌ఎస్ కొద్ది నిమిషాల్లోనే మాయమైపోతుంది. ఎన్ఎల్‌పీఐ గానీ పీఆర్‌సీ గానీ లేని బ్యాక్టీరియాలో మాత్రం మెప్‌ఎస్ అలాగే ఉండిపోతుంది, పోగుపడుతుంది. మర ఒక్కటే ఉన్నా చాలదు, పట్టుకొచ్చి పడేసేవాడు కూడా ఉండాలి.

ఇది నాకు వింతగా తోచింది. కష్టపడి ఒక ప్రొటీన్ తయారు చేసి, కాసేపట్లోనే పీకి పడెయ్యడమేంటి, దండగ కాదూ? కాదు. ధవళేశ్వరం దగ్గర కాలవ లాకులు చూసినవాళ్లకి ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. తలుపు ఒకసారి తెరిచి వదిలేస్తే ఆ కాలవ ఎవరి అదుపులోనూ ఉండదు. ఎప్పుడు ఎంత తెరవాలి, ఎంత దించాలి అన్నది చేతిలో ఉండాలి. ప్రొటీన్‌ని నిత్యం తయారు చేస్తూ నిత్యం తీసేస్తూ ఉంటే, తీసివేత కొంచెం తగ్గించగానే కత్తెరలు పెరుగుతాయి, కొంచెం పెంచగానే తగ్గుతాయి. పెరిగే వేగం మారినప్పుడల్లా నిమిషాల్లో సర్దుకోవచ్చు.

ఎన్ఎల్‌పీఐ అనే ప్రొటీన్ ఉందని అమెరికాలోని శాస్త్రవేత్తలు 1999లోనే చెప్పారు. దాన్ని పాడుచేసిన బ్యాక్టీరియా, వేడి పెంచి లవణాలు తగ్గించిన ద్రావణంలో సరిగ్గా విడిపోలేక దారాల్లా సాగిపోయింది. అదే ప్రొటీన్‌ని మోతాదు మించి తయారయ్యేలా చేస్తే కోడిగుడ్డు ఆకారంలోకి మారింది. తగ్గినా తిప్పలే, పెరిగినా తిప్పలే. ఇది అసలు చేసే పనేంటి అన్నది మాత్రం చాలా ఏళ్లు తేలలేదు. 2015లో జవాబు హైదరాబాద్ నుంచి వచ్చింది.

తర్వాత ఈ కథలోకి చాలామంది వచ్చారు. 2017లో తైవాన్‌లోని అకాడెమియా సినికా శాస్త్రవేత్తలు ఈ జంట ఆకారాన్ని ఎక్స్-రేలతో చూశారు. పీఆర్‌సీ ఒక గిన్నెలా ఉందట. 2018లో సూడోమోనాస్ అనే ఇంకో మొండి బ్యాక్టీరియాలో ఇలాంటి జంటే వేరే పేర్లతో దొరికింది. అక్కడ కూడా ఒకటి పట్టుకొచ్చేది, ఒకటి ముక్కలు చేసేది. 2020లో యూరప్ బృందాలు ఎన్ఎల్‌పీఐ ఒక్క మెప్‌ఎస్‌నే కాదు, వల కోసే మరికొన్ని ఎంజైముల్ని కూడా పట్టుకుంటుందని చూపించాయి. అంటే దీన్ని తలారి అనడం కన్నా మేస్త్రీ అనడం సబబు. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎవరిని పంపెయ్యాలి అన్నవి కలిపి చూస్తుందన్నమాట.

ఈలోగా సీసీఎంబీ ల్యాబ్ 2019లో మెప్‌కే అనే ఇంకో కత్తెరని వెలికితీసింది. అది మామూలు ముళ్లు కాకుండా వేరే రకం ముళ్లు కోస్తుంది. అదే ఏడాది కణకవచం మీద చేసిన ఈ పరిశోధనలకే మంజులా రెడ్డికి లైఫ్ సైన్సెస్ విభాగంలో ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. బహుమతి లక్ష డాలర్లు.

దీంతో అమ్మమ్మకేంటి?

మీకు ఈ డౌట్ వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. ఆసుపత్రి వరండాలో ఇవన్నీ ఫోన్‌లో చదువుతూ కూర్చున్నప్పుడు, పక్కన సెలైన్ స్టాండు చప్పుడవుతుంటే, ఇదంతా ఎందుకు చదువుతున్నాను అనిపించింది.

నిజం చెప్పుకోవాలి. ఎన్ఎల్‌పీఐని గురిపెట్టిన మాత్ర ఏదీ మెడికల్ షాపులో లేదు. ఇది పునాది పని. అయితే పునాది ఎందుకు కావాలో పెన్సిలిన్ కథే చెప్తుంది.

పెన్సిలిన్, అమాక్సిసిలిన్, పేరు చివర్లో 'క్సిమ్' అని వచ్చే చాలా మాత్రలు, ఇవన్నీ ఒకే కుటుంబం. అవి కణకవచంలో ముళ్లు వేసే చేతుల్ని కట్టేస్తాయి. అల్లేవాడి చేతులు కట్టేశాక కత్తెర తన పని తాను చేసుకుపోతుంటే ఏమవుతుందో బాబాయ్‌ని అడిగినా చెప్తాడు. 2014లో అమెరికా పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. ఈ మందులు పడ్డాక కొన్ని బ్యాక్టీరియాలు కొత్త గొలుసులు తయారు చేస్తూ, వెంటనే వాటిని తామే కొరికేస్తూ, ఓపిక అంతా ఆ దండగ పనిలో కరగబెట్టుకుంటాయి. అంటే ఈ మందు దెబ్బ ఎలా తగులుతుందో తెలియాలంటే అల్లే చేతులతో పాటు కత్తెర సంగతి కూడా తెలియాలి.

మరి బ్యాక్టీరియా ఊరుకుంటుందా? పెన్సిలిన్ కుటుంబాన్ని ముక్కలు చేసే ఎంజైముల్ని తయారు చేసుకుంది. ఆ జన్యువుల్ని పక్క బ్యాక్టీరియాలకి కూడా పంచిపెడుతుంది, మనం వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసినంత తేలిగ్గా. అమ్మమ్మ రిపోర్టులో ఆ ఆర్‌లు అంతలేసి వరసగా ఉన్నాయంటే ఇలాంటివే కారణం. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, మందులకి లొంగని బ్యాక్టీరియా నేరుగా ప్రాణం తీసినవాళ్లు 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 12.7 లక్షల మంది. ఆ జాబితాలో మొదటి స్థానం ఈ-కోలిదే.

అందుకే కొత్త చోట కొట్టాలి. ఇప్పటిదాకా మనం ముడి వేసే చేతుల మీదే ఎక్కువ గురిపెట్టాం. కత్తెరల్ని ఆపేస్తే? లేదా కాపలాదారుని పడగొట్టి, కత్తెరలు అదుపు తప్పి బ్యాక్టీరియా తన వలని తానే చింపుకునేలా చేస్తే? ఇవి ఇప్పటికి ప్రశ్నలే. కానీ సీసీఎంబీ పని లేకపోతే ఈ ప్రశ్నలు ఇంత స్పష్టంగా అడగడానికే వీలుండేది కాదు.

మన డెల్టావాళ్లకి ఈ యుద్ధం కొత్తేం కాదు లెండి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనలకి పెద్దగా ఉన్నప్పుడే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ని కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. కణకవచం జోలికి పోదు, బ్యాక్టీరియా ప్రొటీన్లు తయారు చేసుకునే యంత్రాన్ని ఆపేస్తుంది. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. అమ్మమ్మ రిపోర్టులో ఆ కుటుంబం మందు కూడా ఉంది. దాని పక్కనా ఆర్.

భీమవరం మనిషి నడిపించిన ల్యాబ్ నుంచి వచ్చిన మందు కుటుంబం, డెబ్భై ఏళ్లు దాటాక వశిష్ఠ ఒడ్డున ఒక ముసలావిడ దగ్గర పని చెయ్యలేదు. ఆ వరండాలో కూర్చుని దీని గురించే చాలాసేపు ఆలోచించాను.

చెరువు గట్టు మీద, ఇంటి అరలో

తప్పు ఒక్క మనుషుల మందులదే కాదు. మన చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులు, కోళ్ల ఫారాలు. జబ్బు వచ్చినా రాకపోయినా యాంటీబయాటిక్ కలిపితే అది నీళ్లలోకి, మట్టిలోకి పోతుంది. అక్కడి బ్యాక్టీరియా కూడా పాఠం నేర్చుకుంటుంది. కోలిస్టిన్ అనే మందు ఉంది, అన్నీ విఫలమయ్యాక ఐసీయూలో తీసే ఆఖరి అస్త్రాల్లో ఒకటి. దాన్ని మనం తినే జంతువులకీ, కోళ్లకీ, ఆక్వా చెరువులకీ వాడకూడదని కేంద్రం 2019 జూలైలో నిషేధం పెట్టింది. రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి కనపడితే విదేశాలు కంటైనర్లనే వెనక్కి పంపేస్తాయని ఇక్కడి రైతులకి ఎవరూ చెప్పక్కర్లేదు.

డాక్టర్‌గారికి బిస్కెట్ డబ్బా చూపించాను. ఒక్కో స్ట్రిప్పు తీసి టేబుల్ మీద వరసగా పెట్టారు. నేను అడగాలనుకున్నదే అడిగాను. "నేను చెప్పిన మాత్రల వల్లే ఇలా అయిందా సార్?"

"ఒక్క కారణం అని చెప్పలేమమ్మా" అన్నారు. "ఈ బ్యాక్టీరియా ఇప్పటికే మొండిగా మారి బయటినుంచి వచ్చి ఉండొచ్చు. కానీ అవసరం లేనప్పుడు వేసిన ప్రతి మాత్రా మామూలు బ్యాక్టీరియాని చంపి, మొండివాటికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. అది మాత్రం ఖాయం." తర్వాత స్ట్రిప్పు వెనక ఎర్ర గీత మీద పెన్నుతో కొట్టి చూపించారు. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని ఆ గీతకి అర్థం. దీని గురించి కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రత్యేకంగా ప్రచారం కూడా చేసింది. మైక్రోబయాలజీ చదివిన నాకు ఆ గీత ఎప్పుడూ కనపడలేదంటే సిగ్గేసింది.

ఏడు రోజులు ఇంజెక్షన్లు నడిచాయి. మూడో రోజుకి జ్వరం దిగింది. ఐదో రోజు నుంచి "ఇంటికెళ్లిపోదామే, కోడికి గింజలెవరు వేస్తారు" అని మొదలెట్టింది అమ్మమ్మ. అదే తనకి నయమవుతోందని గుర్తు.

ఓ సాయంత్రం తనకి కాలక్షేపంగా ఈ వల సంగతంతా చెప్పాను. పక్కింటి బాబాయ్ కత్తెర దగ్గర మొదలుపెట్టి, ఎన్ఎల్‌పీఐ దాకా. శ్రద్ధగా వింది.

"అంటే కంటికి కనపడని పురుక్కి కూడా ఎంత కొయ్యాలో, ఎప్పుడు ఆపాలో తెలుసన్నమాట."

"ఆ, ఒక కాపలా పెట్టుకుంది అమ్మమ్మా."

"మరి మనకి తెలవదేంటే? తగ్గిందని నేను ఆపేశాను, తగ్గిందా సరేలే అని నువ్వన్నావు." తిట్టలేదు. నవ్వుతూనే అంది. నా దగ్గర జవాబు లేదు.

డిశ్చార్జ్ అయ్యాక ఇంకొన్ని రోజులకి మాత్రలు రాసిచ్చారు. ఇంటికొచ్చాక వంటింటి గోడ మీద క్యాలెండర్ దగ్గరికి నన్ను తీసుకెళ్లి, "ఎన్ని రోజులు వెయ్యాలో ఇక్కడ గీతలు పెట్టు" అంది. చీటీలో ఎన్ని రోజులుంటే అన్ని తేదీల చుట్టూ ఎర్ర స్కెచ్‌తో సున్నాలు చుట్టాను. రోజూ రాత్రి మాత్ర వేసుకుని ఒక సున్నా కొట్టేసి, నాకు ఫోన్ చేసేది. "ఇవాల్టిది అయిపోయింది."

ఆఖరి సున్నా కొట్టిన రోజు ఫొటో పంపించమన్నాను. పక్కింటి బాబాయ్ కొడుకు తీసి పంపాడు. క్యాలెండర్ ముందు అమ్మమ్మ, చేతిలో స్ట్రిప్పు. జూమ్ చేసి చూశాను. ఒక్క మాత్ర కూడా మిగల్లేదు.